శ్రవణావధానము – హస్తచాలనము

'అవధానము' అను శబ్దము 'డుధాఞ్' ధాతువునకు 'అవ' యను నుపసర్గము చేరి ల్యుట్ప్రత్యయముచే సిద్ధించినది. మనస్సును ఒకచోట దింపి నిలుపుట యని దాని తాత్పర్యము. తెలుగువా రీ మాటను మూడు విధముల వాడుకొనిరి. శ్రద్ధతో చెవి యొగ్గుట అవధానము. వేదమును కంఠస్థము చేసి స్వరము తప్పక చెప్పువారు అవధానులు. సభయందు ఎనమండుగురు పృచ్ఛకుల ప్రశ్నలను ఒక్క మనస్సున నిలుపుకొని పద్యములు చెప్పుట అష్టావధానము. ఈ మూడింటను చెవి పని కలదు. మూడింటను నాలుకయో చేయియో కదలుటయు కలదు. చెవి నిలుపుటకును అవయవము కదలించుటకును గల సంబంధమును గూర్చి మెదడును చిత్రించు నూతనశాస్త్రము కొన్ని సంగతులు బయటపెట్టినది. అవి వ్యాకరణ ఛందశ్శాస్త్రములు బోధించు మనకు పనికివచ్చునవని తోచుటచే ఇచ్చట వివరించుచున్నాను.

వైయాకరణుడనైన నాకు ఈ విషయముతో పని యేమని కొందఱడుగవచ్చును. కారణము చెప్పుటకు కొంచెము సిగ్గుగనే యున్నది. ఉద్యోగమున చేరిన తొలియేండ్లలో ఛందస్సు చెప్పునపుడు పిల్లలు తొడపై వ్రేళ్లు తట్టుచు గురులఘువులు లెక్కించుట నేను సహించెడివాడను కాను. "చెవితో వినుము, చేయి కట్టిపెట్టుము" అనుట నాకు వాడుక. దానికి శాస్త్రాధార మున్నదనియు నమ్మియుంటిని. పాణినీయశిక్ష తల యూపుచు చదువువానిని పాఠకాధములలో చేర్చినది కదా! ఒక బాలుడు చేతులు కట్టుకొని చదివినచో యతిస్థానమున తడబడును. చేయి విడిచినచో ఒక్క తప్పును రాదు. ఒకనాడు వాని చేతిపై బెత్తముతో కొట్టితిని. ఆ తరువాత వాడు నా తరగతిలో పద్య మెత్తలేదు. మఱుసటి యేడు తెలుగు మాని వేఱొక భాష తీసికొనెను. నే నాశ్రయించిన ఆ పాణినీయశిక్షయే చేయి లేక చదువువానిని అంతకంటె ఘోరముగ నిందించినదన్న సంగతి ఆనాడు నాకు జ్ఞప్తికి రాలేదు. తలకు చెప్పిన నిషేధమును చేతికి అంటగట్టితిని. ఆ తప్పు పూర్తిగ నాది.

ఇక విషయమునకు వత్తము. నేను నివసించు మెట్టుగూడ సికింద్రాబాదులో రైలుచప్పుళ్ల నడుమ నున్న పేట. ప్రక్కనే లాలాగూడ, 2017 నవంబరునుండి నడివీధి మీదుగా మెట్రో రైలుకూడ పోవుచున్నది. గ్రంథము ముందు పెట్టుకొని కూర్చున్న నాకు ఈ చప్పుడు వినబడదు. క్రొత్తగా వచ్చిన యతిథి ప్రతి కూతకును ఉలికిపడును. మనస్సు వేఱొకచోట నుండుటచే వినలేదనుట లోకమున నున్నదే. ఉపనిషత్తులోను ఆ మాట కలదు. జ్ఞానములు ఏకకాలమున పుట్టకుండుటయే మనస్సునకు గుఱుతని నైయాయికులు చెప్పిరి. మన స్సణువు గనుక ఒక్క యింద్రియముతోనే కూడునని వారి మతము. కాని యొక చిక్కు కలదు. రోజును వినబడని ఆ కూత ఏనాడైన తీరు మాఱినచో గ్రంథమునుండి మొదట లేచునది నా తలయే. వినని దానిలో మార్పు నెట్లు గుర్తించితిని?

దీనికి సమాధానము మెదడులోని విద్యుత్తును కొలుచుటవలన దొరకినది. జర్మనీదేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనుష్యుని తలపై తీగలంటించి మెదడు పుట్టించు సూక్ష్మవిద్యుత్తరంగములను నమోదు చేసి 1929లో ప్రకటించెను. ఈ పద్ధతినే ఇ.ఇ.జి. యందురు. ఫిన్లండుదేశపు రిస్తో నాటానెన్, ఆయన సహచరులు 1978లో దీనితో ఒక వింత చూపిరి. ఒకే ధ్వని పలుమాఱులు వినిపించుచు నడుమ నడుమ కొంచెము భేదము గల ధ్వనిని చొప్పించిరి. వినువానికి ఆ ధ్వనులతో పని లేకున్నను, భేదము గల ధ్వని వచ్చిన ప్రతిసారి, అది మొదలైన సెకనులో ఐదవవంతు లోపలనే, మెదడులో వేఱొక తరంగము లేచును. అనగా శబ్దము లోనికి పోవుచునే యున్నది; వెనుకటిదానితో సరిచూడబడుచునే యున్నది; లెక్కలోనికి మాత్రము రాలేదు. అణుమనోవాదులు ఈ యంశము నాలోచింపవలెను. నిద్రావస్థలో నున్నట్లు కన్నులు మూసికొన్న వృద్ధ వేదపండితుడు శిష్యుని అపస్వరమునకు గతుక్కుమనుట మన మెఱుగనిదా?

ఈ సరిచూచుట పుట్టుకతో వచ్చినదా, భాషతో వచ్చినదా? 1997లో ఆ పండితులే ఫిన్నిషు, ఎస్టోనియను భాషలవారిని పోల్చిరి. ఎస్టోనియను భాషలో నొక అచ్చు కలదు, అది ఫిన్నిషులో లేదు. ఆ యచ్చు వినిపించినపుడు ఎస్టోనియనులకు తరంగము పెద్దదిగ లేచెను. ఫిన్నిషువారికి అట్లు లేవలేదు. మాతృభాషలోని వర్ణసమామ్నాయమునకు మెదడులో ముద్ర కలదని దీని భావము. ఇది చదివినపుడు మన శకటరేఫము జ్ఞప్తికి వచ్చినది. నే నీ వ్యాసమున ఱకారమును పాటించుచున్నాను. కాని నా చెవికి అది రేఫముకంటె వేఱుగ వినబడదు. అది నా కంటిలో నున్నది, చెవిలో లేదు.

అవధానమును బుద్ధిపూర్వకముగ నిలిపినపుడేమగును? అమెరికాలో స్టీవెన్ హిల్యార్డు, ఆయన తోడివారు 1973లో చేసిన ప్రయోగము మన ఘంటాగణనమునకు తోబుట్టువు వంటిది. అష్టావధానమున ఒకరు అప్పుడప్పుడు గంట కొట్టుచుందురు. అవధాని సమస్యాపూరణము, నిషిద్ధాక్షరి నడుపుచునే ఆ గంటలు లెక్కించి తుదిని చెప్పవలెను. తిరుపతి వేంకటకవుల కాలమునుండి తెలుగుసభలు ఈ విద్యను వేడుకగ చూచుచున్నవి. హిల్యార్డు ప్రయోగమున రెండు చెవులలోను వేర్వేఱు ధ్వనిపరంపరలు వినిపించి, ఒక చెవిలో అరుదుగ వచ్చు హెచ్చుస్థాయి ధ్వనులను మాత్రమే లెక్కింపుమనిరి. లెక్కించు చెవినుండి వచ్చిన ధ్వనికి, సెకనులో పదియవవంతు గడచునప్పటికే, మెదడు తరంగము పెద్దదైనది. రెండవచెవి ధ్వనికి చిన్నదైనది. అవధానమనునది విని, గ్రహించి, ఆ మీద ఏఱుకొనుట కాదనియు, శబ్దము ప్రవేశించు ద్వారముకడనే దాని పని మొదలగుననియు దీనిచే తేలినది.

విద్యుత్తరంగము కాలమును చక్కగ చెప్పును గాని స్థానమును చెప్పజాలదు. స్థానము చెప్పునది ఎం.ఆర్.ఐ. యంత్రము. మనుష్యుని పెద్ద గొట్టమువంటి అయస్కాంతములో పండుకొనబెట్టుదురు. పరిశోధనలలో తఱచుగా వాడు అయస్కాంతము భూమి యయస్కాంతబలముకంటె సుమారు 60,000 రెట్లు బలమైనది. రక్తములోని ప్రాణవాయువు మెదడులో ఖర్చయినపుడు రక్తము అయస్కాంతగుణము కొంత మాఱును. దాని చిత్రము తీయవచ్చునని 1990లో సెయిజి ఒగావా యను జపానుదేశీయుడు, ఆయన తోడివారు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఎలుకలయందు చూపిరి. 1992లో మనుష్యులయందు సిద్ధించినది. మెదడులో ఒక ప్రదేశము పని చేసినచో అచ్చటికి క్రొత్తరక్తము ఎక్కువగా ప్రవహించును. యంత్రము ఆ ప్రవాహపు గుఱుతును పట్టుకొనును.

మనవారు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. పత్రికలలో ఎఱ్ఱగా వెలుగుచు కనబడు మెదడు బొమ్మ ప్రత్యక్షప్రమాణము కాదు, అనుమానప్రమాణము. రక్తము లింగము, నాడీవ్యాపారము సాధ్యము. పొగను చూచి నిప్పు నూహించినట్లే. అందును ఈ పొగ ఐదాఱు సెకనులు ఆలస్యముగ లేచును. ఆ లోపల నాలుక ఒక పద్యపాదమును దాటిపోవును. ఇంతేకాక యంత్రమే పెద్దరొద చేయును. ధ్వనులు వినిపించి పరీక్షింపదలచినవారికి ఇది గొప్ప యిబ్బంది. ఆ యిబ్బందికి వారు పన్నిన యుపాయము నాకు మిక్కిలి నచ్చినది: ధ్వని వినిపించునంతసేపు యంత్రము నాపి యుంచుదురు, ధ్వని ముగిసిన పిదప, ఆలస్యముగ లేచు ఆ రక్తప్రవాహమును చిత్రింతురు. దోషమునే సాధనముగ చేసికొనిరి. ఇక, పండుకొన్నవాడు తలను ఒకటి రెండు మిల్లీమీటరులు కదలించినను చిత్రము చెడును. శిరఃకంపిని పాణినీయశిక్షయేకాక ఎం.ఆర్.ఐ. యంత్రమును అధమునిగ నెంచునన్నమాట.

ఇట్లు తీసిన చిత్రములలో, వినుమని చెప్పినపుడు కణతల లోపలనున్న శ్రవణవల్కలము, వినవలదన్నప్పటికంటె ఎక్కువగ పని చేయుట కనబడినది. ఇది ఊహించినదే. ఊహింపనిది మఱొకటి. 2007లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ అనువారు లయ గల ధ్వనిపరంపరలు, లయ తెలియనివి వినిపించి చిత్రములు తీసిరి. వినువారు చేయి కదలించుట లేదు. అయినను లయ గలదానిని విన్నపుడు అవయవచాలనమునకు సంబంధించిన ప్రదేశములు పని చేసెను: నడినెత్తి క్రింద నున్న అనుపూరక చాలకప్రాంతము, మెదడు లోతున నుండి చేష్టల నారంభింపజేయు బేసల్ గాంగ్లియా యను కణసమూహములు. మరుసటి యేడు కెనడాలోని మాంట్రియలు పరిశోధకులు, తరువాత తట్టవలసియుండునని తెలియక ఊరక వినుచున్నవారియందును చాలకప్రాంతములు, చిన్నమెదడు మేల్కొనుట చూపిరి. 2004లోనే, మాటలోని అక్షరములు వినుచున్నపుడు వానిని పలుకునపుడు పనిచేయు చాలకప్రాంతమే కదలునని వేఱొక ప్రయోగము చూపియుండెను.

దీని యర్థమేమి? లయను వినుట యనగా లోలోన చేయి వేయుటయే. చెవి మాత్రమే వినుట లేదు. రాబోవు తాళపుదెబ్బ యెప్పుడు పడునో లెక్క వేయుచున్న భాగము చేతిని కదలించు భాగమే. కనుకనే దెబ్బ పడుటకు ముందే దానికై యెదురుచూడగలుగుచున్నాము. నా శిష్యుడు యతిస్థానమునకు ముందు వ్రేలు తట్టుట సోమరితనము కాదు, యతికై యెదురుచూచుట. ఈ సంబంధము వైద్యులకును అక్కఱకు వచ్చినది. బేసల్ గాంగ్లియా చెడుటవలన పార్కిన్సను వ్యాధిలో నడక తడబడును. తాళమువంటి ధ్వని వినిపించుచు అభ్యాసము చేయించినచో అట్టి రోగుల నడకవేగము, అడుగుపొడవు పెరుగునని 1996లో మైకేల్ థౌట్ ప్రభృతులు చూపిరి. కాలికి దారి చెవినుండి దొరకినది.

మనవారు ఈ కీలును అభ్యాసబలముచే ఎఱిగియుండిరి. పాణినీయశిక్షలో బొటనవ్రేలికొన చూపుడువ్రేలి మొదట నిలిచినచో ఉదాత్తము, ఉంగరపువ్రేలి నడుమ నిలిచినచో స్వరితము, చిటికెనవ్రేలియందు అనుదాత్తము. మాధ్యందినశాఖీయులు నేటికిని చేతితో స్వరము చూపుచు చదువుదురు. సామగానము చేయువారికి చేయియే గాత్రవీణ యని నారదీయశిక్ష చెప్పును. కేరళమున నంబూద్రి గురువులు శిష్యుని తలను చేతితో పట్టి వంచుచు ఎత్తుచు స్వరము నేర్పుదురు. తల యూపుట నిందింపబడిన తావున ఇదేమని యడుగరాదు. గురువు చేతిలోని తల వేఱు, తనంతట ఊగు తల వేఱు. మన తైత్తిరీయులు సంత చెప్పుటలో గురువు ఒకమాఱు, శిష్యులు రెండుమాఱులు పలుకుదురు. విన్నదానిని వెంటనే నాలుకకెక్కించుట దాని మర్మము. ఇంతమాత్రముచే ప్రాచీనులకు బేసల్ గాంగ్లియా తెలియుననుట తెలివితక్కువ. ఈతవచ్చినవానికి నీటిశాస్త్రము వచ్చునా?

కదలిక నేర్చుటలోని దశలను మన నగరమునకు చెందినవారొకరు చిత్రించియున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులుగ నుండిన రాజు ఎస్. బాపి, కృష్ణప్రసాద్ మియాపురం, జపానుదేశీయుడు కెంజి దోయా ప్రభృతులు కలసి 2006లో ఈ పరిశోధనను ప్రకటించిరి. కంటికి కనబడు గుఱుతుల క్రమము ననుసరించి వ్రేళ్లతో మీటలు నొక్కవలెను. ఇట్లు నేర్చినవాడు గుఱుతుల వరుసను నేర్చెనా, వ్రేళ్ల వరుసను నేర్చెనా? తెలిసికొనుటకు వారు ఏర్పాటును త్రిప్పిరి. ఒక త్రిప్పులో గుఱుతులు మునుపటివే, వ్రేళ్ల కదలిక క్రొత్తది. రెండవ త్రిప్పులో గుఱుతులు క్రొత్తవి, వ్రేళ్ల కదలిక మునుపటిదే. అభ్యాసము ముదురుకొలది మెదడులోని పని వెనుకప్రక్కనున్న పార్శ్వభాగమునుండి ముందునకు, పూర్వచాలకప్రాంతమునకు జరిగెను. లోతుననున్న పుటామెన్ అను భాగమున ముందుకొననుండి వెనుకకొనకు జరిగెను. మొదట కన్ను నేర్చును. తుదకు చేయి నేర్చును. కంటికి తెలిసినది, చేతికి తెలిసినది రెండును ఒకటి కావు.

ఆ ప్రయోగము కన్ను, వ్రేళ్లకు సంబంధించినది. చెవి, నాలుకలకును ఇట్లే యుండునని నే ననుట నా యూహ. ఊహకు ఆధారము నిత్యానుభవము. అమరకోశము వల్లించువానిని నడుమ నాపి "తరువాతి పదమేమి?" యనిన చెప్పలేడు, శ్లోకము మొదటికి పోయి పరుగెత్తుకొనివచ్చును. ఆ పదము వాని నాలుకలో వరుసగ నున్నది, వాని యెఱుకలో విడిగా లేదు.

ఇక వేదపండితుల మెదళ్లనే చిత్రించిన పరిశోధన. హర్యానారాష్ట్రమున మానేసరులోని జాతీయ మస్తిష్క పరిశోధనాకేంద్రమున జేమ్స్ హార్ట్‌జెల్, నందినీ చటర్జీ సింగ్ ప్రభృతులు చేసి 2016లో ప్రకటించిరి. 21 మంది యజుర్వేదపండితులను, వయస్సు మున్నగువానిలో వారికి తుల్యులైన 21 మంది యితరులను పోల్చిరి. ఆ పండితులు 40,000 మొదలు 1,00,000 పదముల పరిమాణము గల పాఠములను బాల్యమునుండి పదియేండ్లు కంఠస్థము చేసినవారు. వినికిడికిని భాషకును స్థానమైన కణతభాగములందు, జ్ఞాపకమునకు నెలవైన హిప్పొకాంపస్ అను భాగమునందు వారి మెదడు బూడిదరంగు పదార్థము హెచ్చుగ నుండుట కనబడినది.

దీనిని పట్టుకొని, సంస్కృతశబ్దోచ్చారణమే మెదడును పెంచునని సభలలో చెప్పుచున్నారు. హార్ట్‌జెల్‌గారే 2018లో ఒక వ్యాసమున 'సంస్కృతప్రభావము' అను పేరు పెట్టుట వారికి ఊతమైనది. సంస్కృతము నాకు జీవనము. దానికి వచ్చు కీర్తి నాకు చేదు కాదు. అయినను తర్కసంగ్రహము చదివినవా డెవడును ఈ హేతువు నొప్పుకొనరాదు. ఇది సోపాధికహేతువు. ధూమమునకు ఆర్ద్రేంధనమువలె ఇచ్చట దీర్ఘకాలకంఠస్థాభ్యాసము ఉపాధిగ నున్నది. అంతే పరిమాణము గల తెలుగు గ్రంథమునో అరబ్బీ గ్రంథమునో కంఠస్థము చేసినవారిని ప్రక్కన నిలిపి పోల్చినగాని, ఫలము భాషదో యభ్యాసముదో తేలదు. పైగా అవి ఒక్కమాఱు తీసిన చిత్రములు. అట్టి మెదడు గలవారే వేదాధ్యయనమున నిలిచిరో, అధ్యయనముచే మెదడట్లయ్యెనో, వానివలన తెలియరాదు. లండనునగరపు టాక్సీ డ్రైవరుల విషయమున ఈ సందేహమును తీర్చుకొనిరి: వీథులు నేర్చుటకు పూర్వము, నేర్చిన పిదపను అభ్యర్థులను చిత్రించి, ఉత్తీర్ణులైనవారి హిప్పొకాంపస్ వెనుకభాగము పెరిగినదని 2011లో చూపిరి. సంత మొదలుపెట్టకముందు ఒకమాఱు, పదియేండ్లకు మఱొకమాఱు వేదవిద్యార్థులను చిత్రించినచో మనకును అట్టి నిర్ణయము దొరకును. మఱియొక మాట. మానేసరు చిత్రములు మెదడు ఆకారమును చూపునవి. వల్లించుచున్నప్పటి వ్యాపారమును చూపునవి కావు. చేతిస్వరముతో చదువుటకును, చేయి లేక చదువుటకును భేదమేమో వానిలో వెదకుట వ్యర్థము.

నా తరగతిలో ఇప్పుడు వాడుక మాఱినది. క్రొత్తవృత్తము మొదలుపెట్టినపుడు పిల్లలందఱు అరచేతితో బల్లపై తట్టుచు చదువుదురు. ప్రక్కతరగతివారికి కొంచెము ఇబ్బందియే. నాలుగైదు దినములకు అరచేయి పోయి ఒక్క వ్రేలు మిగులును. పిదప వ్రేలు బల్లను తాకదు, ఊరక లేచి దిగును. తుదకు చేతులు కట్టుకొని చదువుమందును. అప్పటికి చేయి మానినను యతి తప్పనివారే యెక్కువ. ఇద్దఱు ముగ్గురికి చేయి యెన్నటికిని వదలదు. వారిని వదలుమనుట లేదు. ఇది ప్రయోగమని చెప్పను. పోల్చుటకు రెండవతరగతి నా కడ లేదు.

పూర్వము వీథిబడులలో గుణింతమును, ఎక్కములను, శతకపద్యములను చెప్పించునపుడు పిల్లలచే ఏ యే చేతిసంజ్ఞలు చేయించెడివారో నేను కొంతకాలముగ కూర్చుచున్నాను. వ్రేళ్ల కణుపులు లెక్కించుట, ఇసుకలో వ్రాయుచు పలుకుట, ఊగుచు చదువుట మాత్రమే నాకు దొరకినవి. మీ పెద్దలవలన విన్నవి, మీరు చిన్ననాట చేసినవి, ఏ చేతితో, ఏ వ్రేలితో, ఏ యక్షరముకడ చేసెడివారో ఆ వివరముతో వ్రాసి పంపినచో రాబోవు సంచికలో పంపినవారి ప్రాంతము పేరుతో ప్రకటింతును.